బైసల్ దగ్గర మిగిలిన మాట

బైసల్ దగ్గర ఉన్నది ఒకే ఒక్క మాట: "సిగ్గులేదూ!"

మిగతావన్నీ పక్షవాతం ఎత్తుకుపోయింది. ఆయన కిర్గిజ్ దేశంలో కరకోల్ అనే ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు మినీబస్సు నడిపాడు. తలుపు ధడాలున వేసిన ప్రతివాణ్ణీ "మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపూ ఇలాగే వేస్తావా? సిగ్గులేదూ!" అని తిట్టాడు. జనం తలుపు బాదడం మానలేదు, ఆయన తిట్టడం మానలేదు. అందుకే కాబోలు, జబ్బు వచ్చి బుర్రలో ఇల్లంతా ఊడ్చుకుపోయినా ఆ మాటొక్కటీ గోడకి దిగ్గొట్టిన మేకులా ఉండిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు "మీ పేరేంటి?" అని అడిగాడు.

"సిగ్గులేదూ!"

"ఇది ఏ నెల?"

"సిగ్గులేదూ!"

డాక్టరు మొహం ముడుచుకున్నాడు. బైసల్ పెళ్ళాం గుల్బరా మాత్రం కళ్ళు తుడుచుకుని, "మా ఆయనే. అనుమానం లేదు" అంది.

ఆ ఒక్క మాటతోనే ఆయన సంసారం నడిపేవాడు. చాయ్ చల్లారితే సాగదీసి అనేవాడు. మనవరాలు వస్తే బుగ్గ గిల్లినట్టు అనేవాడు. బీపీ మిషను చేతికి చుడితే మాత్రం పాతకాలపు బస్సు గొంతుతో అరిచేవాడు. ఆ అరుపుకి మిషన్లో అంకె ఎగబాకేది. అంకె చూసి మళ్ళీ అరిచేవాడు.

పక్షవాతం నుంచి లేచినవాళ్ళకీ, వాళ్ళని లేపలేక నడుం విరుగుతున్నవాళ్ళకీ కలిపి ఒక ఫోన్ గ్రూపు ఉంది. వీపు పుండు పడకుండా మనిషిని ఎలా పక్కకి తిప్పాలి, ఒంటిచేత్తో చొక్కా గుండీ ఎలా పెట్టుకోవాలి, వాసన చూసి మొహం తిప్పుకునే చుట్టాలకి ఏం చెప్పాలి, అన్నీ అందులోనే. ఆ గ్రూపుకి కోడి బైసల్. పొద్దున్నే తన గొంతు రికార్డు చేసి పంపేవాడు: "సిగ్గులేదూ!" అంటే, లేవండర్రా, కాళ్ళు కదపండి అని. ఎవరో "ఇవాళ గేటు దాకా నడిచాను" అని రాస్తే దానికీ అదే మాట. అది మెచ్చుకోలు. ఎవడో దూరి, ఎలుగుబంటి కొవ్వు రాస్తే పడిపోయిన చెయ్యి వారంలో లేస్తుందని అమ్మబోతే దానికీ అదే మాట. ఆ ఒక్కసారి మాత్రం అర్థం విడమరచి చెప్పాల్సిన పని పడలేదు. వాడు ఆ సాయంత్రమే గ్రూపు వదిలేసి పోయాడు.

ఈ గ్రూపులోకి నారిన్ నుంచి జిబెక్ వచ్చింది, తండ్రి ఎసెన్‌కుల్ కోసం.

ఎసెన్‌కుల్ లేకుండా ఆ చుట్టుపక్కల పెళ్ళి లేదు. విందులో లేచి నిలబడి ఆయన దీవెన అందుకుంటే వడ్డించే ఆడవాళ్ళు కూడా పళ్ళేలు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయేవారు. అలాంటి మనిషికి నాలుక మడత పడింది. మాటలు పోలేదు, ముక్కలై వస్తున్నాయి. ఆ ముక్కలు ఒకసారి విన్నాడు, అంతే, నోరు కుట్టేసుకున్నాడు. రోజూ మాట్లాడించకపోతే ఉన్న కాస్తా పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఈయన బుర్ర ఊపడం కూడా దండగే అన్నట్టు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

చూడ్డానికి వచ్చిన మేనత్త కడుపునిండా మాంసం తిని, చాయ్ తాగి, "అంత బతుకు బతికినవాడు నత్తినత్తిగా మాట్లాడ్డం ఏం బాగుంటుందే? గౌరవంగా ఊరుకోనీ" అంది.

జిబెక్‌కి ఒళ్ళు మండిపోయింది. "గౌరవమా అత్తా? రేపు దాహం వేస్తే మీ గౌరవం వచ్చి నీళ్ళడుగుతుందా?"

మేనత్త అలిగి వెళ్ళింది, మిగిలిన బొర్సోక్ వేపుడు రొట్టెలు మూటగట్టుకుని మరీ.

వారం బతిమాలితే ఎసెన్‌కుల్ గ్రూపుకి ఒక్క ముక్క పంపాడు: "స... సలా... సలాం." పంపాక చెమట తుడుచుకున్నాడు. ఫోను కిణుక్కుమంది. జిబెక్ సంబరంగా నొక్కింది.

"సిగ్గులేదూ!"

ఎసెన్‌కుల్ ఫోనుని మంచం కిందికి విసిరేశాడు. జిబెక్ దాన్ని పాక్కుంటూ వెళ్ళి తీసి, అక్కడే పడుకుని గుల్బరాకి ఫోను చేసింది.

"పిన్నీ, మీ ఆయన మనిషా, గొడ్డా? మా నాన్న చేత ఒక్క మాట అనిపించడానికి నా తాతలు దిగొచ్చారు! నోరు తెరవగానే తిడతాడా?"

"తిట్టలేదమ్మా! 'అబ్బ, ఎంత బాగా అన్నావన్నా' అన్నాడు. ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే కదే తల్లీ."

"అయితే దాన్ని కూడా తాళం వేసి దాచుకోమనండి!"

శనివారం సాయంత్రం గ్రూపంతా వీడియోలో కూర్చుని చాయ్ తాగుతారు. ఎవరి కప్పు వాళ్ళది, ఎవరి రొట్టె వాళ్ళది. జిబెక్ పంతం పట్టి తండ్రిని ఫోను ముందు కూలేసింది. అందరూ తిన్నారు, తాగారు. ఇక లేవాలి. పెద్దవాడు అరచేతులు చాచి దీవెన చెప్పందే వాళ్ళలో ఎవరూ భోజనం దగ్గర్నుంచి లేవరు. అక్కడున్నవాళ్ళందరిలోకీ పెద్ద ఎసెన్‌కుల్. సంగతి ఎవరికీ తట్టలేదు, తట్టేసరికి ఆలస్యమైపోయింది.

అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన కప్పులోకి చూస్తున్నాడు. చాయ్ మీద మీగడ కట్టింది. చేతికర్ర పట్టుకున్న ఒకాయన, "అయ్యా, నాకు బాత్రూమ్‌కి టైమవుతోంది, ఈ కాలుతో ముందే బయల్దేరకపోతే..." అన్నాడు. ఎవరూ నవ్వలేదు. జిబెక్ నేల చీలితే బాగుండుననుకుంది.

అప్పుడు బైసల్ అరచేతులు చాచాడు. కళ్ళు అరమోడ్చాడు. పెద్దముల్లా కూడా అంత గంభీరంగా ఉండడు. "సిగ్గులేదూ..." అన్నాడు, మంద పెరగాలన్నట్టు. "సిగ్గూ... లేదూ..." అన్నాడు, కడుపులు పండాలన్నట్టు. ఒకావిడ అలవాటు కొద్దీ, దీవెన ముగిశాక అనే "ఒమీన్" అనేసి నాలిక కరుచుకుంది. బైసల్ ఆగలేదు. పొలాలకీ, గుర్రాలకీ, పోయినవాళ్ళ ఆత్మలకీ వరసగా అదే మాట.

ఎసెన్‌కుల్ మొహం ఎర్రబడింది. చెవులు ఎర్రబడ్డాయి. జీవితమంతా దీవెనలు చెప్పి బతికినవాడు, ఎంతని ఓర్చుకుంటాడు?

"కా... కాదు!" అని అరిచాడు. "అ... అలా కాదు! ముం... ముందు మంద కాదు! ముందు... పొయ్యి! తర్వాత... పిల్లలు! మం... మంద చివర!"

బైసల్ అమాయకంగా చూశాడు.

ఎసెన్‌కుల్ ఒక చెయ్యి ఎత్తాడు. రెండోది లేవలేదు. జిబెక్ దాని కింద తన చెయ్యి పెట్టి లేపింది. "మీ పొయ్యి... ఆర... ఆరకూడదు. మీ పిల్లలు... మీ పిల్లలు..." అక్కడ ఆగిపోయాడు. చేతికర్ర ఆయన కాళ్ళు ముడుచుకుని కూడా నోరెత్తలేదు. "...మీకన్నా పొ... పొడుగవాలి."

"ఒమీన్!" అని గ్రూపంతా ఆనవాయితీగా అరచేతులతో మొహాలు తడుముకుంది. చేతికర్ర ఆయన మొహం తడుముకుంటూనే పరుగు లాంటిదేదో పెట్టాడు.

మర్నాడు జిబెక్ క్షమించమని అడగడానికి గుల్బరాకి ఫోను చేసింది. అవతల ఒక మగగొంతు నెమ్మదిగా, స్పష్టంగా పలికింది: "గుల్బరా... సంతకెళ్ళిందమ్మా. సాయంత్రం... చెయ్యి."

జిబెక్ ఫోను చెవికి అదిమింది. "ఎవరూ? బైసల్ బాబాయా? మీకు మాటలొచ్చా?"

 అవతల గొణుగుడు: "అయ్యో... గ్రూపువాళ్ళు కాదనుకుని తీశాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండాకాలం... నుంచి. గుల్బరాకి... తెలుసు."

"మరి గ్రూపులో ఆ అరుపులేంటి? ఇంతమందిని వెర్రివాళ్ళని చేస్తారా?"

"చూడమ్మా. కొత్తగా వచ్చినవాడు... భయంభయంగా వింటాడు. నా మాట విని... వీడికన్నా నేను నయమే అనుకుంటాడు. నోరు... తెరుస్తాడు. అడుగున... ఒకడుండాలి కదా? నాకేం నామోషీ లేదు. మీ నాన్నకి... చెప్పకు."

జిబెక్‌కి కోపం వచ్చింది. ఎవరి మీదో తేలక, ముక్కు చీదుకుని, "చెప్పను" అంది.

చెప్పలేదు. ఎసెన్‌కుల్ ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఫోను పెట్టుకుని బైసల్‌కి దీవెన నేర్పుతున్నాడు. ముందు పొయ్యి అని, తర్వాత పిల్లలు అని, పలికి చూపించి, మళ్ళీ పలికి చూపించి, గొంతు బొంగురుపోయేదాకా. బైసల్‌కి ఒక్క ముక్క అంటడం లేదు. నిన్న పాఠం అయ్యాక ఎసెన్‌కుల్ ఫోను పక్కన పడేసి, మండిపడుతూ కూతురి వైపు తిరిగాడు.

"ఇన్నేళ్ళలో ఇంత మొద్దు మనిషిని నేనెక్కడా చూళ్ళేదే!"

మాట ఎక్కడా ముక్కలవలేదు. జిబెక్ మొహం పక్కకి తిప్పుకుని కప్పులో చాయ్ పోసింది.

"అవును నాన్నా. ఒట్టి మొద్దు. రేపు ఇంకాస్త గట్టిగా చెప్పండి."