మొదటి బంతిలో ఒక కుర్చీ

ఆ రోజుల్లో మనిషి మర్యాదంతా మెడలో వేలాడే టైలోనే ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ టై సొంతది కాకపోయినా ఫరవాలేదనుకునేవాణ్ణి. (నాది హెండర్సన్‌లో చర్చివాళ్ళ పాతసామాను దుకాణంలో కొన్నది. ఎవరో పెద్దమనిషి పోయాక వాళ్ళావిడ ఇచ్చేసి ఉంటుంది.) వయసు ఇరవై నాలుగు. నంద్యాల నుంచి ఆక్లండ్ వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆల్బనీలో ఒక ఆఫీసులో ఆరు నెలల కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఉద్యోగం. అది పర్మనెంటయితేనే రెసిడెన్సీ కాగితాలు కదులుతాయి, లేకపోతే పెట్టె సర్దుకుని నంద్యాల బస్సెక్కడమే. అలాంటి స్థితిలో ఉన్న కుర్రవాడికి బుద్ధి కాస్త తక్కువగా ఉంటుందని మీరు పెద్దమనసు చేసుకుంటే, ఈ సంగతి చెప్పడం నాకు కొంచెం తేలికవుతుంది.

నేనప్పుడు హెండర్సన్‌లో ఒక తెలుగు దంపతుల ఇంట్లో, గరాజ్‌ని గదిగా మార్చిన చోట అద్దెకుండేవాణ్ణి. ఆంటీ ఆస్పత్రిలో నర్సు. అంకుల్ వృద్ధుల హోములో ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, అన్నం తినిపించి, పడుకోబెట్టే పని చేసేవారు. కానీ ఆయన అసలు విద్య అది కాదు. చీరాల వైపు పెళ్ళి బ్యాండులో ముప్పై ఏళ్ళు క్లారినెట్ వాయించిన మనిషి. అందుకే మా తెలుగువాళ్ళందరికీ ఆయన క్లారినెట్ అంకుల్. హోములో డ్యూటీ దిగేముందు ముసలివాళ్ళకు ఒక పాట వినిపించేవారు, ఆదివారం చర్చిలో వాయించేవారు, సాయంత్రాలు నా గది గోడకవతల కూర్చుని వాయించేవారు. (ఆ గోడ చాలా పలచటిది. నేను రాసిన ప్రోగ్రాముల్లో తప్పులన్నిటికీ ఆ గోడే కారణమని అప్పట్లో చెప్పుకునేవాణ్ణి. తరవాత మంచి గోడలున్న ఇళ్ళలో కూడా అవే తప్పులు చేశాను.)

డిసెంబరు మొదట్లో మా మేనేజరమ్మ అందరికీ ఈమెయిలు పంపింది. క్రిస్మస్ విందు ఈసారి సిటీలో, నూరేళ్ళు దాటిన ఒక రాతి కట్టడంలో ఉన్న పెద్ద స్టేక్‌హౌస్‌లో. ఒకప్పుడు అది బ్యాంకట. ఇప్పుడు శుక్రవారాలు అక్కడ జాజ్ బ్యాండు ఎదురుగా కూర్చుని వాయిస్తుందట. ఒక్కొక్కరూ ఒక మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. బీఫ్ ముట్టని వంశంలో పుట్టినవాడికి స్టేక్‌హౌస్‌లో ఏం పని అని మీరడగవచ్చు. పర్మనెంటు కావలసినవాడికి అన్నిచోట్లా పనే. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పి, అక్కడ చేపలాంటిదేమైనా దొరుకుతుందా అని ఆంటీని అడుగుతున్నాను. అంకుల్‌కి చేపతో పని లేదు.

"బ్యాండులో క్లారినెట్ కూడా ఉంటదా అబ్బాయ్?" అన్నారు.

ఉండొచ్చన్నాను. ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఒక మాట చెప్తాను, నవ్వకు. ముప్పయ్యేళ్ళు ఎన్ని పెళ్ళిళ్ళకి వాయించానో నాకే తెలవదు. ఒక్క పెళ్ళిలో కూడా మొదటి బంతిలో కూర్చోలేదయ్యా. మొదటి బంతి మగపెళ్ళివారిది, తర్వాత ఊరోళ్ళది, ఆ తర్వాత కార్ల డ్రైవర్లది. అందరూ చేతులు కడుక్కున్నాక ఆఖరి బంతి బ్యాండోళ్ళది. అప్పటికి గారెలు అయిపోయి సాంబారు మిగిలేది. ఎదురుగా ఎవరో బ్యాండు వాయిస్తా ఉంటే మనం దర్జాగా కూర్చుని తింటం ఎట్టా ఉంటదో ఒక్కసారి చూడాలని ఉంది."

"తీసుకెళ్ళు నాన్నా. నాకెలాగూ ఆ రోజు డ్యూటీ. నిన్ను కారులో దింపాల్సింది కూడా ఆయనేగా" అంది ఆంటీ. (అప్పటికి నేను డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు తప్పాను. మూడోసారి సంగతి ఇక్కడ అనవసరం.) కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆ తరవాతి వారమంతా మేమిద్దరం ఫోర్కూ కత్తీ ప్రాక్టీసు చేశాం. ఆంటీ పెసరట్లు వేసి ఇవ్వడం, మేము ఎడమచేత్తో ఫోర్కుతో అదిమిపట్టి కుడిచేత్తో కత్తితో కొయ్యడం. నా పెసరట్టు ప్రతిసారీ పళ్ళెం దాటి బల్ల మీదికి పోయేది. అంకుల్ మాత్రం మూడోరోజుకే ఉల్లిపాయ ముక్క కూడా జారకుండా కోసేవారు. "వేళ్ళు వాద్యానికి అలవాటైనాయి గదా, చెప్పిన మాట వింటాయి" అని మురిసిపోయేవారు. గురువారం రాత్రి పెసరట్టు కోస్తూ కోస్తూ, "మీ మేనేజరు మేడమ్ పక్కన కూర్చుంటే నేనొక మాట వేస్తాలే. మావోడు బంగారం, పర్మనెంటు చేసెయ్యమ్మా అని" అన్నారు. నా పెసరట్టు మళ్ళీ బల్ల మీద పడింది. ఆయన అన్నారంటే చేసేవారే. తెలుగువాళ్ళ ఏ పార్టీలోనైనా కొత్తమనిషి కనిపిస్తే జీతమెంత, పిల్లలెందరు, మోకాళ్ళెలా ఉన్నాయి అని మొదలుపెట్టే మనిషి. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన తయారై బయటికొచ్చారు. ముదురు ఎరుపు కోటు వేసుకున్నారు. అది వాళ్ళ బ్యాండు కోటు. జరీ తాళ్ళూ భుజాల మీద కుచ్చులూ ఆంటీ జాగ్రత్తగా విప్పేసింది గానీ, అవి ఉన్నచోట గుడ్డ రంగు వెలవక కొత్తగా మెరుస్తోంది. దూరం నుంచి చూసినా కుచ్చులు ఉన్నట్టే ఉంది. సిటీలో పార్కు చేసి దిగాక, డిక్కీ తెరిచి క్లారినెట్ పెట్టె కూడా చంకలో పెట్టుకున్నారు. "కార్ల అద్దాలు పగలగొట్టి పట్టుకుపోతన్నారంట, ఇక్కడ వదిలేది లేదు" అన్నారు. వేసవి కాబట్టి ఏడింటికీ పట్టపగల్లా ఎండ కాస్తోంది. వీధిలో నడుస్తున్నవాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారని నాకనిపించింది. నిజానికి ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు.

గుమ్మం దగ్గర నల్లబట్టలు వేసుకున్న అమ్మాయి ఒకతె పేర్లు చూసి లోపలికి పంపుతోంది. నా పేరు చెప్పాను. ఆమె అంకుల్ కోటు చూసింది, చంకలో పెట్టె చూసింది, నవ్వుతూ చాలా మర్యాదగా, "బ్యాండువాళ్ళు పక్క సందులోంచి, వంటగది తలుపు నుంచి రావాలండీ" అంది. ఆ ఇంగ్లీషు అంకుల్‌కి అర్థమయినంతవరకు అర్థమయింది. నా వైపు చూశారు. ఈయన నా అతిథి అని ఒక్క ముక్క అంటే చాలు. అదే క్షణంలో లోపల పొడుగుబల్ల దగ్గర మేనేజరమ్మ నన్ను చూసి చెయ్యి ఊపింది. నాకు ఎర్రకోటు, పర్మనెంటు, మోకాళ్ళు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"మీరు అట్నుంచి రండి అంకుల్. అదీ లోపలికే దారంట. నేను చూసుకుంటా" అన్నాను.

ఆయన సరేనని తలూపి, కోటు సర్దుకుని సందులోకి నడిచారు. నేను చూసుకోలేదు.

బల్ల దగ్గర నా పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు తెల్ల పళ్ళెం, పువ్వులా మడిచిన రుమాలు, రెండు ఫోర్కులు, రెండు కత్తులు. మీ అతిథి రాలేదా అని మేనేజరమ్మ అడిగింది. ఒంట్లో బాగాలేదన్నాను. అయ్యో పాపం అని ఆమె నిజంగానే నొచ్చుకుంది. కాసేపటికి వెయిటరొచ్చి ఆ పళ్ళెమూ కత్తులూ ఒక్కొక్కటే తీసుకుపోతుంటే నేను మెనూ కార్డులోకి తలదూర్చాను. అందరూ తమ మాంసం ఎంత కాలాలో, లోపల ఎంత ఎర్రగా ఉండాలో వివరంగా చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చేసరికి, చేప అని చెప్పి, బాగా కాలాలి అని గట్టిగా చేర్చాను. (చేపను అలా అడగరట. వెయిటర్ తలపంకించి రాసుకున్నాడు. తీరా వచ్చింది నిజంగానే బాగా కాలింది.) మూలన చిన్న అరుగు మీద జాజ్ బ్యాండు వాయిస్తోంది. వాళ్ళలో ఎర్రకోటు లేదు. ఎక్కడున్నారో వెళ్ళి చూద్దామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ టై సర్దుకుని కూర్చున్నాను.

ప్లేట్లు ఖాళీ అవుతున్న వేళకు, బ్యాండులో జుట్టు నెరసిన ట్రంపెట్ ఆయన మైకు దగ్గరికొచ్చి, వంటగదిలో మాకొక కొత్త స్నేహితుడు దొరికాడు, ఇండియాలో వెయ్యి పెళ్ళిళ్ళకు వాయించినవాడట, ఒక పాట వాయిస్తాడు అన్నాడు. పక్కనుంచి ఎర్రకోటు అరుగెక్కింది. అంకుల్ క్లారినెట్ ఎత్తి, పెళ్ళికొడుకు కారు దిగి పందిట్లోకి నడిచేటప్పుడు వాయించే వరస ఎత్తుకున్నారు. డ్రమ్ముల కుర్రాడు కాసేపు తడబడి, తరవాత దారి దొరికించుకున్నాడు. ట్రంపెట్ ఆయన వెనకనుంచి అందుకున్నాడు. నా గది గోడకవతల ఇన్ని నెలలు విసుక్కుంటూ విన్న మనిషేనా అనిపించింది. తింటున్నవాళ్ళు కత్తులు కింద పెట్టి విన్నారు. మేనేజరమ్మ అందరికంటే ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొడుతూనే నా వైపు వంగి, "మీ దేశం ఆయనే కదా, నీకు తెలుసా?" అని అడిగింది.

అంకుల్ అరుగు మీదనుంచి సరిగ్గా నా వైపే చూస్తున్నారు.

"తెలీదు" అన్నాను. తల దించుకుని చేపముల్లు ఏరుతూ కూర్చున్నాను. ఆ చేపలో ముళ్ళు లేవు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఇంకా ఆకాశంలో వెలుగు పూర్తిగా పోలేదు. మోటార్‌వే ఎక్కాం. తిడతారని, కనీసం అడుగుతారని ఎదురు చూశాను. అంకుల్ స్టీరింగ్ మీద తాళం వేస్తున్నారు.

"ఏమైనా నువ్వు గడుసోడివి అబ్బాయ్! నేను చూసుకుంటా అంటే ఏందో అనుకున్నా. ఆ ట్రంపెట్ దొర మా బ్యాండు మేస్త్రీ లాగానే ఉన్నాడు. నన్ను ఆళ్ళతో కలిపేదానికే అట్నుంచి పంపావని తర్వాత తట్టింది. అక్కడ నన్ను చూసి తల దించుకున్నావు, కళ్ళనీళ్ళొచ్చినయ్యా?"

"అవునంకుల్" అన్నాను. ఒక్క సాయంత్రంలో అది నా మూడో అబద్ధమో నాలుగోదో.

కాసేపటికి ఉండబట్టలేక, ఏం తిన్నారు అని అడిగాను.

"వాయింపు అయినాక వంటింట్లో బన్నులో మాంసం ముక్క పెట్టి ఇచ్చారు. అందరం నిలబడే తిన్నాం. ఫోర్కులూ గీర్కులూ లేవు, చేత్తోనే. బానే ఉందిలే." ఆయన గట్టిగా నవ్వారు. "ఏ దేశమెళ్ళినా బ్యాండోళ్ళది ఆఖరి బంతేనయ్యా!"

ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉందేమోనని నేను చాలా వెతికాను. లేదు. ఉంటే ఇన్నేళ్ళు నాకింత బాధ ఉండేది కాదు.

ఫిబ్రవరిలో నా ఉద్యోగం పర్మనెంటయింది. మేనేజరమ్మ పిలిచి చేతిలో ఉత్తరం పెడితే, అందులో నా పనిని గురించి నాలుగు మంచి మాటలున్నాయి. క్లారినెట్ ఊసు లేదు. అంకుల్ మాత్రం ఒప్పుకోలేదు. "ఆ మేడమ్ లేచి చప్పట్లు కొట్టింది, అప్పుడే అనుకున్నా మావోడి ఉద్యోగం ఖాయమని" అని చర్చిలో అందరికీ చెప్పారు. మా అబ్బాయి నాచేత పెద్ద హోటల్లో బ్యాండుతో వాయింపించాడు అని కూడా చెప్పారు. ఎవరి ముందు చెప్పినా నా భుజం మీద చెయ్యి వేసి చెప్పేవారు. ఆ చెయ్యి ఎంత బరువో వేసినాయనకు తెలియదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే వాళ్ళు కూతురి దగ్గరికి బ్రిస్బేన్ వెళ్ళిపోయారు. ఆ స్టేక్‌హౌస్ కూడా తరవాత మూతపడి, అక్కడ చెప్పుల షాపు వచ్చింది.

చాలా ఏళ్ళకు ఆల్బనీలో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్నప్పుడు, టికెట్లు పంపి అంకుల్‌నీ ఆంటీనీ పిలిపించాను. ఆయనకప్పటికి పై పళ్ళు లేవు, కట్టుడు పళ్ళతో క్లారినెట్ పట్టు చిక్కడం లేదని మానేశారు. నేను ముందే అంతా ఆలోచించి పెట్టుకున్నాను. పెరట్లో బల్ల వేయించి, మొదటి బంతిలో మొదటి కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, తెల్ల పళ్ళెం పెట్టి, ఎడమన ఫోర్కు, కుడిన కత్తి పెట్టి, మెత్తటి పెసరట్టు నేనే వడ్డించాను. ఎదురుగా మా అమ్మాయి, తన స్కూలు బ్యాండు స్నేహితురాళ్ళిద్దరితో కలిసి ఏదో వాయిస్తోంది. (ఏం వాయిస్తున్నదీ వాళ్ళకూ తెలుసని నేను చెప్పలేను.) అంకుల్ రెండుచేతులూ ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నారు. పెసరట్టు చల్లారిపోతోంది, తినండి అన్నాను.

"వాయించనీ అబ్బాయ్, తొందరేముంది" అన్నారు. పాట అయ్యేవరకు ఫోర్కు ముట్టుకోలేదు. అయ్యాక నా భార్యను పిలిచి, "అమ్మా, ముందు బ్యాండోళ్ళకి పెట్టు. వాయించి వాయించి ఆకలి మీదుంటారు" అని తన పళ్ళెం ఎత్తి పిల్లలకిచ్చేశారు.

"అంకుల్, ఆ రోజు ఆ హోటల్లో..." అని మొదలుపెట్టాను.

"ఆ సంగతే చెప్పబోతన్నా!" అని ఆయన పిల్లలను దగ్గరికి పిలిచి, మా అమ్మాయి వాళ్ళ డాడీ ఎంత గడుసువాడో, పక్క తలుపు నుంచి పంపించి ఎంత పెద్ద ఏర్పాటు చేశాడో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. మా అమ్మాయి నా వైపు తిరిగి, "నిజమా డాడీ?" అని కళ్ళు పెద్దవి చేసి అడిగింది. నేను పెసరట్టు పిండి తేవడానికి లోపలికి పోయాను. ఆ వంకతో చాలాసేపు లోపలే ఉండిపోయి, వెనక్కి వచ్చేసరికి అతిథులందరూ తినేసి చేతులు కడుక్కుంటున్నారు. ఆయన మాత్రం నా కోసం ఆగి ఉన్నారు. ఆఖరి బంతిలో మేమిద్దరమే మిగిలాం. సాంబారు చాలా మిగిలింది. టై బిగించుకుని చేపలో లేని ముళ్ళు ఏరుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నాలో నేను నవ్వుకుని, ఫోర్కులు పక్కకు జరిపి, ఆయన పక్కనే కూర్చుని చేత్తో తిన్నాను.