సొంత గుమ్మం ముందు కుర్చీ

ఆ ఊళ్ళో దొంగలు హెడ్ కానిస్టేబుల్‌ని చూసి పారిపోయేవారు కాదు. భయం లేక కాదు, దండగని తెలిసి. ఆయన పరిగెత్తలేడు. పరిగెత్తలేని పోలీసు నుంచి తప్పించుకోవడం ఎంత కష్టమో ఆయన చేతిలో పడ్డవాళ్ళను అడగాలి.

సైన్యంలో ఉండగా సరిహద్దు కొండల్లో ఆయన కుడి మోకాలిలో ఇనప ముక్కలు దిగాయి. డాక్టర్లు తీయగలిగినవి తీసి, మిగిలినవాటితో ఇంటికి పంపేశారు. ఇక పెన్షను తీసుకుంటూ ఇంటిపట్టున ఉంటాడనుకుంటే పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. పరుగు పరీక్ష పళ్ళ బిగువున గట్టెక్కి, ఇంటికొచ్చి మంచమెక్కాడు. మోకాలు గుమ్మడికాయంత అయింది.

"ఇదేం పంతమండీ? కాలు పోతే ఉద్యోగం నెత్తిన పెట్టుకుంటారా?" అని భార్య కాపడం పెడుతూనే చెడామడా తిట్టింది.

"కాలు ఎక్కడికీ పోలేదే. కాస్త వాచిందంతే."

పంతంలో ఆవిడా తక్కువ తిన్నది కాదు. అందుకే ఆ కాపురం ఎప్పుడూ హోరాహోరీగా సాగేది.

పరుగు కుదరదు కనుక ఆయన కూర్చోవడం నేర్చాడు. తప్పు చేసినవాడు ఇంట్లో దూరితే, పక్కింట్లో కుర్చీ అడిగి తెచ్చుకుని గుమ్మానికి ఎదురుగా వేసుకునేవాడు. తలుపు బాదడు, కేకలెయ్యడు, లాఠీ ఎత్తడు. వచ్చేపోయేవాళ్ళ బాగోగులు అడుగుతూ తీరిగ్గా కూర్చుంటాడు. మంచులో కాపలా కాసి వచ్చిన మనిషికి వీధిలో కూర్చోవడం ఒక లెక్కా? లోపలివాడికి మాత్రం ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. చివరికి వాడే తల వేలాడేసుకుని వచ్చి, "పదండి సార్, మా అమ్మ వీధిలోకి రాలేక చస్తోంది" అనేవాడు. ఒకసారి ఆయనకి కునుకు పడితే సైకిళ్ళ దొంగ ఒకడు తనే బయటికొచ్చి తట్టి లేపాడు. అలా ఆయన ఊరందరికీ "కుర్చీ హెడ్డు" అయిపోయాడు.

ఒకనాటి మధ్యాహ్నం ఆ కుర్చీ ఆయన సొంత గుమ్మం ముందుకే వచ్చింది.

కొడుకు సరుకుల వ్యాను నడిపేవాడు. ఆ పొద్దున మార్కెట్ మలుపులో సైకిలు మీద పోతున్న టైలర్ని గుద్ది, ఆపకుండా వెళ్ళిపోయాడు. వ్యాను ఎక్కడో వదిలేసి, ఇంటికొచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆవిడ మారు మాట్లాడకుండా తలుపు గడియ వేసింది. సందడి సద్దుమణిగాక వాణ్ణి తన అక్క దగ్గరికి పంపేద్దామని ఆలోచన. అయితే వ్యానుని గుర్తుపట్టిన పళ్ళ బండివాడు, ఆ సంగతి ఇంకెవరికీ చెప్పకుండా హెడ్డు చెవిలో వేశాడు. ఆయన నోరు మెదపకపోతే అది అక్కడితో సమాధి అయ్యేది.

గేటు చప్పుడైతే ఆవిడ కిటికీ రెక్క ఓరగా తీసింది. పక్కింటి ప్లాస్టిక్ కుర్చీలో మొగుడు.

"లోపలికి రండి. భోంచేసి మాట్లాడుకుందాం."

"రాను. గుమ్మం దాటితే తండ్రినైపోతాను."

"కారా మరి?"

"అవును. అందుకే రానంటున్నా."

"ఒక్కగానొక్క కొడుకండీ! మీకసలు మనసెలా ఒప్పుతోంది?"

ఆయన కుర్చీని మరో జానెడు గుమ్మం వైపు జరుపుకున్నాడు.

"కూర్చోండి, ఎంతసేపు కూర్చుంటారో నేనూ చూస్తా. తలుపు మాత్రం తియ్యను."

ఎండ ఇంకా ముదిరింది. ఆయన రెండు చేతులతో కాలు పట్టుకుని మెల్లగా చాపుకున్నాడు. మోకాలు వాచిందని ఆవిడకి తెలిసిపోయింది. చటుక్కున కిటికీ మూసేసింది. ఆయన మీద జాలిపడితే కొడుకు చెయ్యి జారిపోతాడని భయం.

కాసేపటికి బయట ఆడగొంతు వినిపించింది. టైలరు భార్య, హెడ్డు ఎక్కడో కుర్చీ వేశాడని విని ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చింది.

"హెడ్డుగారూ, మా ఆయన కాలు విరిగిందండీ. రాడ్డు వెయ్యాలంటున్నారు. మిషను తొక్కి బతికే మనిషి. గుద్దినవాడు దొరికాడా?"

"దొరికాడమ్మా. బయటికి రావడమే ఆలస్యం."

ఆమె తలుపుకేసి చూసింది. "ఎవరిల్లండీ ఇది?"

"నాదేనమ్మా."

ఆమె ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కొంగు బిగించి గోడ పక్కన మట్టిలో చతికిలబడింది. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని, ఎలాగో లేచి, "నువ్వు ఇందులో కూర్చోమ్మా" అని కుర్చీ ఆమె వైపు జరిపాడు. తను గేటు ఊచ పట్టుకుని ఆ కాలి మీదే నిలబడ్డాడు.

ఇదంతా ఆవిడ కిటికీ సందులోంచి చూసింది. ఇక చూడలేకపోయింది.

"లేరా," అంది కొడుకుతో.

"అమ్మా, నువ్వు కూడానా?"

"నేనే. ఆవిడ ఇంటాయన కాలు నువ్వు తెచ్చివ్వలేవు. కనీసం వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడు."

గడియ తీసి, వాడి రెక్క పట్టుకుని తనే గేటు దాకా నడిపించింది. ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి స్టేషను దారి పట్టాడు. ఆ కుంటి నడకకు వాడి భుజమే ఆసరా అయింది.

కొడుకు శిక్ష అనుభవించి వచ్చాడు. బండి పని మానేసి, టైలరు షాపులోనే కత్తెర పట్టాడు. మొగుడూ పెళ్ళాలు మళ్ళీ ఎప్పటిలాగే పోట్లాడుకున్నారు. ఆ మధ్యాహ్నం ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. కట్టుకున్నవాడికి అడ్డంగా తలుపు వేసుకున్న మనిషిగానే తనను ఆయన గుర్తుపెట్టుకుని ఉంటాడని ఆవిడకి లోలోపల బెంగ. అడగడానికి నోరు రాలేదు. చివరికి ఆయనే పోయాడు.

పలకరించడానికి వచ్చినవాళ్ళలో స్టేషన్ రైటరుగా చేసి రిటైరైన ముసలాయన ఉన్నాడు.

"మీ అబ్బాయిని తీసుకొచ్చిన రోజు నేనక్కడే ఉన్నానమ్మా. ఎస్సైగారు 'ఎవరు పట్టుకున్నారయ్యా?' అని అడిగారు. మీ ఆయన అటెన్షన్లో నిలబడి, 'మా ఆవిడ సార్' అన్నాడు. మీరే గడియ తీసి అబ్బాయిని గేటు దాకా నడిపించిందంతా చెప్పాడు. ఆ తర్వాత కొత్తగా ఎవరు డ్యూటీలో చేరినా వాళ్ళకీ చెప్పేవాడు. విని విని మా చెవులు చిల్లులు పడ్డాయనుకోండి."

ఆయన పోయిన దగ్గర్నుంచి కంట తడి పెట్టని ఆవిడ అప్పుడు భోరుమంది. ఏడుస్తూనే గోడ మీద ఫొటోకేసి తిరిగింది.

"మొండి మనిషీ! ఊరందరికీ చెప్పిన ముక్క నాతో ఒక్కసారి అంటే నోరు అరిగిపోయేదా?"