భుజం మీద చెయ్యి

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మెట్రో పిల్లర్ పక్కన కోచింగ్ సెంటరు వాళ్లు కట్టిన ఆ ఫ్లెక్సీని చూడగానే మౌనికకు ఒళ్లు మండింది. ర్యాంకులొచ్చిన పిల్లల మధ్యలో తన ఫోటో. కింద 'మా విద్యార్థిని, జాతీయ మోటోక్రాస్ చాంపియన్, మా శిక్షణకు మచ్చుతునక' అని జానెడేసి అక్షరాలు. ఒంటినిండా మట్టితో, చేతిలో కప్పుతో నవ్వుతున్న ఆ ఫోటోలో పక్కన ఉండాల్సిన నాన్న లచ్చయ్య లేడు. కోసి పారేశారు. కోసినవాడికి ఆ పనీ సరిగ్గా చేతకాలేదు. నాన్న చెయ్యి మాత్రం ఆమె భుజం మీద మిగిలిపోయింది, గోళ్ల సందుల్లో గ్రీజుతో సహా.

సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా!

ఏం శిక్షణ ఇచ్చారయ్యా వీళ్లు? లచ్చయ్య నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో బైకు రిపేరు షెడ్డు పెట్టుకున్నవాడు. బాగుచేసిన బండిని ఓ చుట్టు నడిపి చూసే పని మౌనికది. షెడ్డు వెనక ఖాళీ జాగాలో, అపార్ట్‌మెంట్ల పునాదులు తవ్విన మట్టిని గుట్టలుగా పోసేవారు. బండితో ఆ గుట్టలెక్కి దూకడం అక్కడే మొదలైంది. మోటోక్రాస్ అంటే అదే కదా, గుట్టలూ గుంతలూ ఉన్న మట్టిదారిలో బైకుల పందెం. మొదటిసారి పడ్డ రోజున లచ్చయ్య తిట్టలేదు. "బండి గాల్లకు లేసినప్పుడు సీటు మీద కూసోవద్దు బిడ్డా. నిలబడు, మోకాళ్లు జర వంచు" అన్నాడు.

ఆ కోచింగులో చేర్పించిందీ ఆయనే, తనలాగా బిడ్డ చేతులు మసిబారకూడదని. ఒకనాడు పొద్దున గుట్టలు దూకి, ఆ మట్టి బూట్లతోనే క్లాసుకు పోయింది మౌనిక. డైరెక్టరు గారు అందరి ముందూ నిలబెట్టి, "మెకానిక్కుల ఇళ్లలో ర్యాంకులు పుట్టవమ్మా. నిన్ను చూసి మిగతా పిల్లలు చెడిపోతారు" అని బయటికి పంపేశాడు. లచ్చయ్య వెళ్లి చేతులు జోడిస్తే గేటు కూడా దాటనివ్వలేదు. ఆయన తిరిగొచ్చి షెడ్డు తాళం బిడ్డ చేతిలో పెట్టాడు. "వాళ్లు వద్దన్నరు. నేను వద్దంటనా?"

పాత బండినొకదాన్ని విప్పి, బరువు తగ్గించి, పందెపు బండి చేశాడు. భుజం ఎముక విరిగి మౌనిక దవాఖానలో పడుంటే రాత్రింబవళ్లు పక్కనే కూర్చున్నాడు గానీ, మానెయ్యమని ఒక్కమాట అనలేదు. ఆ కప్పు అట్లా వచ్చింది.

అలాంటి మనిషిని కోసేస్తే కడుపు మండదా? ఆ కోచింగువాళ్లే సన్మానానికి పిలిస్తే మౌనిక పోయింది. వేదిక వెనక అదే ఫ్లెక్సీ. డైరెక్టరు గారు శాలువా పట్టుకు రాగానే పక్కకు జరిగి మైకందుకుంది.

"సార్, గీ భుజం మీదున్న చెయ్యి ఎవరిది?"

ఆయన వెనక్కి తిరిగి చూసి నవ్వేశాడు. "ఎవరో పక్కనున్నవాళ్లది పడ్డట్టుందమ్మా."

"మా నాయినది సార్. నాకు బండి నేర్పింది గా చెయ్యే. మీ గేటు కాడ జోడిస్తే మీరు ఎల్లగొట్టింది గూడ గా చెయ్యే. ముందుగాల ఆయన ఫోటో పెట్టుండ్రి, శాలువా సంగతి తర్వాత."

పిల్లలు చప్పట్లు కొట్టారు. డైరెక్టరు గారూ కొట్టాడు! "తప్పకుండా సరిచేస్తామమ్మా" అన్నాడు.

సరిచేశారు. మర్నాటికల్లా కొత్త ఫ్లెక్సీ లేచింది. ఈసారి ఆ చెయ్యి కూడా లేదు. ఇంత సిగ్గులేనితనం ఎక్కడైనా ఉంటుందా!

మౌనిక షెడ్డుకొచ్చి పానా విసిరికొట్టింది.

"పోనీ బిడ్డా, ఫోటోల ఏమున్నది" అన్నాడు లచ్చయ్య.

ఆ మాటకు ఆమెకు ఇంకా మండింది. లోపలికెళ్లి, వచ్చే పందెం కోసం కుట్టించుకున్న తెల్ల జెర్సీ తొడుక్కుని వచ్చింది. బండి నుంచి దించిన పాత ఆయిలు డబ్బాను కాలితో ఆయన ముందుకు తోసింది.

"చెయ్యి ముంచు నాయినా."

"ఏందే, కొత్త అంగి ఖరాబైతది!"

"ముంచమంటున్న గదా!"

ముంచాడు. ఆమే ఆ చెయ్యి పట్టుకుని తన భుజానికి అదుముకుంది. ఐదు వేళ్లూ నల్లగా అచ్చుపడ్డాయి. ఎన్ని సబ్బులు అరగదీసినా పోయే మరక కాదది.

"ఫ్లెక్సీ మీదంటే తుడిచిండ్రు" అంది మౌనిక. "ఇగ నా ఒంటి మీదికెల్లి ఎట్ల తుడుస్తరో చూస్త."