నాలుగు నిమిషాలు

గాడ్‌ఫ్రీ ట్యాప్సెల్ తండ్రి ఇంగ్లండులో, కెంట్ జిల్లాలోని ఫేవర్షమ్ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. కొడుక్కి పదిహేనేళ్ళు వచ్చేసరికి వీధి వీధంతా ఒకటే మాట, వీడు తండ్రిని మించుతాడని. గాడ్‌ఫ్రీ కూడా ఆ మాట నమ్మేశాడు. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆ రోజుల్లో కెంట్‌లో ఒక ఆర్గనూ ఒక గిటారూ దొరికితే చాలు, నలుగురు కుర్రాళ్ళు బ్యాండు పెట్టేవాళ్ళు. మూడు నిమిషాల ప్రేమపాటలంటే వాళ్ళకు మహా చులకన. పాటంటే రికార్డు ఒక వైపంతా నిండాలి, మధ్యలో లయ ఏడు దెబ్బలకీ పదకొండు దెబ్బలకీ దూకాలి, అందులో మునిగిపోయిన నగరమో మతిచెడిన రాజో ఉండి తీరాలి. గాడ్‌ఫ్రీ బ్యాండు పేరు సాల్ట్‌మార్ష్ పార్లమెంట్. ఆ పేరుకి అర్థమేమిటంటే వాళ్ళకీ తెలియదు, కానీ అడిగినవాడి వంక జాలిగా చూసేవాళ్ళు.

డ్రమ్ములు లెన్నీ హకర్‌వి. గాడ్‌ఫ్రీతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, పగలు బీరు కంపెనీలో పీపాలు దొర్లించేవాడు. వాడికి రాసిన సంగీతం చదవడం రాదు. గాడ్‌ఫ్రీ నెలరోజులు బుర్ర బద్దలు కొట్టుకుని రాసిన పదకొండు దెబ్బల లయ, ఒక్కసారి వింటే వాడి చేతుల్లోకి వచ్చేసేది. ఆ సంగతి గాడ్‌ఫ్రీకి ఎప్పుడూ కొంచెం గుచ్చుకునేది.

డెబ్భై రెండులో వాళ్ళ మొదటి రికార్డుకి టేపు తయారైంది. ఒక వైపంతా ఒకే పాట, ఇరవై ఆరు నిమిషాలు. టేపు డబ్బా ఒళ్ళో పెట్టుకుని గాడ్‌ఫ్రీ ఒక్కడే పొద్దున రైల్లో లండన్ వెళ్ళాడు. రికార్డు మీద సూది నడిచే గాడి చెక్కే స్టబ్స్ అనే పెద్దాయన పాటంతా విని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"వైపుకి ఇరవై రెండు నిమిషాలైతే బాగా చెక్కుతాను బాబూ. ఇరవై ఆరంటే గాళ్ళు ఇరికించాలి. ఇరికిస్తే శబ్దం తగ్గించక తప్పదు. అన్నిటికంటే ముందు పోయేది డ్రమ్ములే."

"మొత్తం పోతాయా?"

"ఉంటాయిలే, పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు. నువ్వొక్కడివే ఆర్గన్ మీద ఊరేగుతున్నావే, అక్కడ ఒక నాలుగు నిమిషాలు తీసెయ్. టేపు కోసే బ్లేడు ఇక్కడే ఉంది. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుందండీ."

"ఆ డ్రమ్ముల కుర్రాణ్ణి ఓ మాట అడుగు మరి. బాగా వాయించాడు."

గాడ్‌ఫ్రీ వీధిలోకి వచ్చాడు. మూల మీదే ఫోన్ బూత్ ఉంది. బీరు కంపెనీకి ఫోన్ చేస్తే లెన్నీని పిలుస్తారు. లెన్నీ ఏమంటాడో కూడా తెలుసు. నీ ఇష్టంరా అంటాడు. ఆ మాట చెవిన పడితే ఇక కోయక తప్పదని గాడ్‌ఫ్రీ ఫోన్ చేయలేదు. లోపలికి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెక్కేయమన్నాడు.

రికార్డు రాగానే నలుగురూ లెన్నీ ఇంట్లో చేరారు. లెన్నీ స్పీకరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాడు.

"ఇందులో నేనెక్కడున్నానురా?"

"రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీ వాళ్ళు తగలేశారురా," అన్నాడు గాడ్‌ఫ్రీ. అనుకుని అన్నది కాదు, నోటికి అలా వచ్చేసింది.

రేడియోలో ఒక మహానుభావుడు అర నిమిషం వేసి, సరిగ్గా వినపడట్లేదా, మా యంత్రం బాగానే ఉందండీ అని నవ్వాడు. అంతే, బ్యాండు మూలపడింది. కొన్నాళ్ళకి టేపైనా తెచ్చుకుని మళ్ళీ చెక్కిద్దామని రికార్డు కంపెనీకి వెళితే, ఆ టేపు తుడిచి ఇంకెవరి పాటో ఎక్కించేశామన్నారు. ఆ రోజు గాడ్‌ఫ్రీ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. లెన్నీ వాయించినది లోకంలో మరెక్కడా లేదు.

తర్వాత రెండు నిమిషాల పాటల కుర్రకారు వచ్చింది. రికార్డు ఒక వైపంతా పాకే పాటలను చూసి వాళ్ళు పడీ పడీ నవ్వారు. గాడ్‌ఫ్రీ ఇళ్ళ వెంట తిరిగి పియానోలు శృతి చేసుకుంటూ బతికాడు. లెన్నీ పీపాల దగ్గరే ఉండిపోయాడు. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ పబ్బులో కలిసేవాళ్ళు. ఎవరైనా రికార్డు ఊసెత్తితే గాడ్‌ఫ్రీ ఫ్యాక్టరీని తిట్టేవాడు, లెన్నీ తలూపి గ్లాసు అందుకునేవాడు. వచ్చే శుక్రవారం నిజం చెప్పేద్దామనుకుంటూనే పదకొండేళ్ళు గడిపాడు గాడ్‌ఫ్రీ. పిరికివాడికి శుక్రవారాలు ఎన్నున్నా చాలవు.

ఎనభై మూడు మార్చిలో, పీపాల మధ్యే లెన్నీ గుండె ఆగిపోయింది. చర్చిలో గాడ్‌ఫ్రీయే ఆర్గన్ వాయించాడు. తర్వాత పక్క హాల్లో టీ, హామ్ శాండ్‌విచ్‌లు. లెన్నీ భార్య మోరీన్ ఆ రికార్డు పెట్టింది. బీరు కంపెనీ వాళ్ళు కాసేపు మర్యాదగా చెవులు రిక్కించారు. కప్పుల చప్పుడులో ఏమీ వినపడలేదు. మెల్లగా ఎవరి మాటల్లో వాళ్ళు పడ్డారు.

"శబ్దం పెంచవేంటమ్మా?" అన్నాడొక ముసలాయన.

"ఇంతకంటే పెరగదండీ."

అందరూ గాడ్‌ఫ్రీ వైపు చూశారు. చెప్పడానికి ఇదే ఆఖరి అవకాశమని అతనికి తెలుసు. నోరు తెరిచాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళు తగలేశారండీ," అన్నాడు.

మోరీన్ సూది పైకెత్తింది. రికార్డు తీసి, గాడ్‌ఫ్రీని కిటికీ దగ్గరికి రమ్మంది. గాళ్ళు అయిపోయాక, మధ్య కాగితానికి ముందు నున్నటి పట్టీ ఒకటి ఉంటుంది. చెక్కేవాళ్ళు నంబరు గీసేది అక్కడే. ఒక్కోసారి తమ మనసులో మాటా గీస్తారు, అది ప్రతి రికార్డు మీదికీ ఎక్కుతుంది. విన్న ప్రతిసారీ సిగ్గేస్తుంటే గాడ్‌ఫ్రీ తన రికార్డును అటక మీద పడేశాడు, ఏనాడూ అంత దగ్గరగా చూడలేదు. వెలుతురుకి వంచితే సన్నటి అక్షరాలు కనిపించాయి.

'నాలుగు నిమిషాలు తీయమన్నాను. ఆర్గన్ అబ్బాయి ఒప్పుకోలేదు. డ్రమ్ములకు క్షమాపణ. స్టబ్స్.'

"మీరందరూ వెళ్ళిపోయాక లెన్నీ చూశాడు, ఆ మొదటి రోజే," అంది మోరీన్. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పబ్బు నుంచి వచ్చిన ప్రతి శుక్రవారం అడిగేదాన్ని, ఇవాళైనా చెప్పాడా అని. ఇంకా లేదే, చెప్తాడులే అనేవాడు."