శుక్రవారం మెయిల్

ఆసుపత్రిలో అందరూ ఆమెను వైర్లమ్మ అనేవారు. కంప్యూటర్ల బాగోగులన్నీ ఆమెవే. నెలకోసారి బ్యాకప్ కాపీని ఓ పాత కంప్యూటర్లోకి ఎక్కించి, రోగుల వివరాలు తెరుచుకుంటున్నాయో లేదో చూసేది. "మా ఆవిడ నిద్రలో కూడా పాస్‌వర్డులు మారుస్తుంది" అని భర్త నవ్వేవాడు.

ఒక సోమవారం పొద్దున, ఓపీ చీట్లు రాసే వేళకి తెరలు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. ఫైళ్లకు తాళం వేశాం, అడిగినంత ఇస్తేనే తీస్తాం అని వాటి మీద నాలుగు ముక్కలు. ఆమె పరుగున వెళ్లి సర్వర్ గదిలో వైర్లన్నీ పీకేసింది.

"ఎవర్నడిగి పీకావమ్మా? వార్డుల్లో మందులెలా ఇస్తారు?" సూపరింటెండెంట్ మండిపడ్డాడు.

"కాగితం మీద రాయించండి సార్. ఇంకో పది నిమిషాలు వదిలితే మిగిలినవీ పోతాయి."

రోజువారీ కాపీలు విడిగా బీరువాలో భద్రంగానే ఉన్నాయి. కానీ వైరస్ ఎప్పుడు చొరబడిందో తెలియాలి. ఆ తర్వాతి కాపీ ఎక్కిస్తే కథ మళ్లీ మొదటికే. "వింత మెయిలేదైనా తెరిచారా?" అని వార్డు వార్డునా అడిగింది. అందరూ తల అడ్డంగా ఊపారు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటెళ్లాలో తోచలేదు. పోసుకున్న టీ పోసుకున్నట్టే చల్లారిపోయింది.

మధ్యాహ్నం మందుల స్టోరు పెద్దాయన మెట్ల దగ్గర ఆపాడు. రిటైర్మెంటుకి ఇంకా ఆరు నెలలుంది ఆయనకి.

"అమ్మాయ్, నేనే. మందుల ఆర్డరనుకుని ఓ మెయిల్ నొక్కాను. ఏమీ రాకపోతే ఊరుకున్నాను."

ఆమెకు ఒళ్లు మండింది. పొద్దుట్నించీ మీ ముందే తిరుగుతున్నాను కదా అనబోయి, తనంతట తానే వచ్చి చెప్పాడు కదా అని ఆగింది.

"ఎప్పుడు బాబాయ్?"

"శుక్రవారం, సాయంత్రం అయిదింటికి."

గురువారం కాపీ బయటికి తీసింది. ఒక్కో కంప్యూటర్నీ తుడిచి మళ్లీ నింపింది. ముందు ల్యాబు, తర్వాత వార్డులు మర్నాడు సాయంత్రానికి కోలుకున్నాయి.

"ఎవరి నిర్వాకమిది?" అన్నాడు సూపరింటెండెంట్. ఆమె నోరు విప్పేలోపే పెద్దాయన ముందుకొచ్చి, "నాదే సార్" అన్నాడు. మెమో ఇచ్చారు. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, గురువారం తర్వాతి మందుల చీట్లన్నీ ఒంటి వేలితో టైపు చేయడానికి కూర్చున్నాడు. పక్కన ఆమె చదివిపెడుతోంది.

"ఇంకేదైనా నొక్కారా బాబాయ్?"

"లేదమ్మా."

రెండు చీట్లయ్యాక మళ్లీ అడిగింది.