గడియ తీసిన రీళ్ల దండ

నా చిన్నప్పుడు అయిజలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆ ఇంటి ఆవిడ బట్టలు కుట్టేది. మాకు ఏ వరసా కాకపోయినా ఆమె అక్క పిల్లలను చూసి మేమూ ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్లం. దారం అయిపోయిన చెక్క రీళ్లను ఆమె పారేసేది కాదు. సుతిలి తాడుకు వరుసగా గుచ్చి, చివర పెద్ద ముడి వేసి, మిషను పక్కన వేలాడదీసేది. మేం వెళ్తే ఆ దండను ఆడుకోవడానికి ఇచ్చేది. వదులుగా ఉంటే అది నేల మీద పాములా మెలికలు తిరిగేది. పై రీలును పట్టుకుని తాడును బిగించి లాగితే రీళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని, దండ కర్రలా నిలబడేది. అందులో మాకు ఆట తప్ప మరేమీ కనిపించేది కాదు.

ఒక మధ్యాహ్నం అమ్మ స్టవ్ మీద పప్పు పెట్టి, ఆరిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్లింది. నేను వరండాలో కూర్చుని ఉన్నాను. తమ్ముడికి అప్పుడప్పుడే నడక వస్తోంది. లోపల ఒక్కడే తిరుగుతూ తలుపు మూసేశాడు. తర్వాత తలుపుకు కిందుగా ఉన్న గడియ జరిగిన చప్పుడు వినిపించింది. ఆ గదికి అది ఒక్కటే తలుపు. లోపల కిరసనాయిలు స్టవ్ నేల మీదే మండుతోంది.

అమ్మ పరిగెత్తుకొచ్చి తలుపు సందులోంచి చూసింది. వాడు గడియ తీయడం తెలియక తలుపుకు ఆనుకుని ఏడుస్తున్నాడు. కేకలు విని పెదనాన్న గడ్డపార పట్టుకొచ్చాడు. అమ్మ ఆయనకు అడ్డంగా నిలబడింది.

“వద్దు బావా. పోరడు తలుపు ఎనకనే ఉన్నడు. పలగ్గొడితే వాని మీదనే పడ్తది.”

తలుపు పైన గాలి కోసం వదిలిన సన్నటి సందు ఒకటి ఉండేది. అందులోంచి పొడుగు కర్ర దించుదామంటే వరండా రేకులు కిందికి ఉండడంతో కర్ర లోపలికి వాలలేదు. తాడు వదిలితే సులువుగానే దిగింది కానీ, గడియకు తగిలి ఊగడమే తప్ప దాన్ని జరపలేకపోయింది. పప్పు మాడుతున్న వాసన వచ్చింది. తమ్ముడు ఏడుపు ఆపి స్టవ్ వైపు తిరిగాడని అమ్మ అరిచింది.

అప్పటికి ఖాలా గోడ దాటి వచ్చి అంతా చూస్తోంది. వెనక్కి వెళ్లి ఆ రీళ్ల దండను తెచ్చింది. స్టూలు ఎక్కి పై సందులోంచి ఒక్కో రీలునూ లోపలికి వదిలింది. దండ రేకుల కింద వంగి, సందులో దూరి, అవతల తలుపు వెంట నిటారుగా వేలాడింది. ఆ టకటక చప్పుడుకు తమ్ముడు స్టవ్‌ను వదిలి తలుపు దగ్గరికే వచ్చాడట. ఖాలా పై రీలును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో తాడును బిగించింది. అమ్మ తలుపు సందులోంచి చూస్తూ చెప్పింది.

“ఇంక జర ఎడమకు అక్కా. ఆఁ, గడియకు ఆనింది. నూకు.”

గడియ జరిగింది. పెదనాన్న వెంటనే తలుపు మీద చెయ్యి వేశాడు.

“ఆగుండ్రి,” అంది ఖాలా. “పోరడు దాన్ని పట్టుకొని ఉన్నడు. గట్టిగ ఉన్నప్పుడు తలుపు నూకితే వాని మొఖానికే తగుల్తది. ముందుగాల వదులు చేయనీయుండ్రి.”

ఆమె తాడును నెమ్మదిగా వదిలింది. లోపల దండ మెత్తబడి తమ్ముడి చేతుల్లోకి జారింది. వాడు దాన్ని చూసుకుంటూ వెనక్కి చతికిలపడ్డాడు. అప్పుడు తలుపు తోశారు. అమ్మ వాడిని ఎత్తుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పెదనాన్న స్టవ్ ఆర్పాడు. నాకు అంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఖాలా నన్ను దగ్గరికి తీసుకుని, “అయిపోయింది బిడ్డా, ఇంక పరేషాన్ లేదు” అంది. ఆమె చేతుల నిండా సుతిలి కోసుకున్న ఎర్రటి గీతలు ఉన్నాయి.

పెద్దయ్యాక నేను ఆపరేషన్లకు వాడే పనిముట్లు తయారుచేసే చోట చేరాను. ముక్కు వెనక, బుగ్గ ఎముకల లోపల ఉండే గాలి గదుల దాకా వెళ్లే పనిముట్టు కావాలని ఒక డాక్టరమ్మ మమ్మల్ని అడిగింది. ఆ దారి మలుపులతో ఉంటుంది. తిన్నటి కడ్డీ వంగదు, మెత్తటి తీగ దూరినా అక్కడి అడ్డును తీయలేదు. సన్నటి ఉక్కు ఉంగరాలను తీగకు గుచ్చుదామని నేను అన్నప్పుడు, ఆ ఆలోచన ఎక్కడిదని ఎవరూ అడగలేదు. దాన్ని మలుపు తిరిగిన ఆకారంలోనే బిగుసుకునేలా చేయడానికి మాకు చాలా కాలం పట్టింది.

మొదటి నమూనాను మైనపు బొమ్మ మీద పరీక్షించాం. లోపలికి చక్కగా వెళ్లింది, బిగుసుకుంది, పని చేసింది. బయటికి తీసేటప్పుడు మాత్రం మైనపు గోడను గీరుకుంటూ వచ్చింది. బిగింపు వదలాలంటే వేరే మీట తిప్పాలి, పనిలో ఉన్న చేతికి అది గుర్తుకు రాలేదు. అందరూ మీటను పెద్దది చేద్దామన్నారు. నేను మీటే వద్దన్నాను. వేలు నొక్కి ఉంచినంతసేపే అది గట్టిగా ఉండాలి, వేలు తీయగానే తనంతట తానే మెత్తబడాలి అని పట్టుబట్టాను. చివరికి అలాగే చేశాం.

దాన్ని మొదటిసారి వాడిన రోజు దవాఖాన వరండాలో నేను కూర్చోలేక నిలబడే ఉన్నాను. లోపల ఉన్నది గోపాల్‌పేట నుంచి వచ్చిన ఒక రైతు. ఏళ్ల తరబడి ఊపిరాడక నోటితోనే గాలి పీల్చుకుంటూ బతికిన మనిషి. డాక్టరమ్మ బయటికి వచ్చి, ఎక్కడా చిన్న గీత కూడా పడలేదని చెప్పింది. నేను బెంచీ మీద కూలబడ్డాను. వారం పోయాక ఆ రైతును చూడ్డానికి వెళ్తే, నోరు మూసుకుని గట్టిగా గాలి పీల్చి చూపించి నవ్వాడు.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు తాము గీసిన నమూనాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అది ఎంత లోతుకు పోతుందో, ఎంత గట్టిగా నిలుస్తుందో ఉత్సాహంగా చెబుతారు. నేను అంతా వింటాను. విన్నాక ఒక్కటే అడుగుతాను: పని అయిపోయాక ఇది ఎలా మెత్తబడుతుంది?