కంపు కొట్టిన వేలిముద్ర

ఖద్దరు ఇస్త్రీ నలగకుండా ప్రపంచాన్ని కాపాడాలనే జబ్బు ఎనభైల్లో మా శాంతి సంఘానికి ఉండేది. గాజువాక బస్సులో నేను సంతకాలు పోగుచేస్తుంటే, చేపల వాసన పడక మా అధ్యక్షుడు ముందు సీట్లో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

వెనక ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఆవిడ ముందు కొత్త కాగితం, ఇంకు ప్యాడ్ పెట్టాను.

"ఏటి బాబూ ఇది?"

"లోకంలో బాంబులొద్దని."

"మా పేట కాళీ సేయించినప్పుడు కూడా ఇలాగే ఏలిముద్ర ఏయించుకున్నారు. అందులో ఏటి రాసుందో ఇప్పటికీ తెల్దు. ఇది సదివినిపించు."

చదివాను. పోగుచేసే నేను కూడా దాన్ని పూర్తిగా చదవడం అదే మొదలు. ఆవిడ అంతా విని, పేరు చెప్పి, బొటనవేలు కొంగుకి రెండుసార్లు తుడుచుకుని ముద్ర వేసింది. అయినా ఒక పొలుసు కాగితానికి అంటుకుంది.

బస్సు దిగాక అధ్యక్షుడు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఢిల్లీ వెళ్లేది ఇలా కంపు కొడితే ఎలాగయ్యా? వేరేది రాయి" అన్నాడు.

సరేనన్నాను. వేరే కాగితం మీద ఆవిడ పేరు రాసి, పక్కన నా బొటనవేలు నొక్కాను. ముందు దాన్ని తుడుచుకోవాలని నాకు తోచనే లేదు.